ఏనుగు మల్లమ్మ కొండ మీద

పిల్లలూ! పోయిన మే నెలలో నేనూ మా మనుమడూ చిక్కడపల్లి ఎండలకు తాళలేక, మదనపల్లె దగ్గర హార్స్లీ హిల్స్ మీది అతిథిగృహంలో రెండు రాత్రులు గడిపి వచ్చాము.

మధ్యధరా సముద్రపు దీవులలో పాత పల్లెటూరి ఇళ్ళను సొగసుగా బాగుచేసి యాత్రికులకు అద్దెకిస్తారు. అంత దూరం పోలేనివారికి ఇది చాలును. ఎత్తయిన కప్పు, వెడల్పాటి వరండా, పడక కుర్చీ, ఎదురుగా నీలగిరి చెట్లు. కాఫీ మాత్రం పలుచన.

రాత్రి దుప్పటి కప్పుకుంటూ మావాడు, "తాతయ్యా, కొండ ఎక్కితే సూర్యుడికి దగ్గరవుతాం గదా, చలి ఎందుకు?" అన్నాడు.

"సూర్యుడు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడురా! ఒక్క కిలోమీటరు ఎక్కితే దగ్గరయినట్టా? గాలిని వేడెక్కించేది ముఖ్యంగా ఎండకు కాగిన నేల. ఆ వేడిగాలి పైకి పోయినకొద్దీ వ్యాకోచించి చల్లబడుతుంది. కిలోమీటరుకు సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. ఈ కొండ ఎత్తు సుమారు 1,265 మీటర్లు, మన హైదరాబాదు 500 పైచిలుకు. లెక్క కట్టు."

వాడు వేళ్ళు మడిచి, "దాదాపు అయిదు డిగ్రీలు!" అన్నాడు. "మరి హార్స్లీ ఎవరు?"

19వ శతాబ్దంలో కడప కలెక్టరు. వేసవికని ఇక్కడ బంగళా కట్టించుకున్నాడు. అంతకు ముందు ఇది ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగులు సాకిన మల్లమ్మ అనే పిల్ల కొండజనానికి మందులిచ్చేదనీ, ఒకనాడు మాయమైపోగా ఆమెకు గుడి కట్టారనీ చెప్పుకుంటారు.

"మందిచ్చినామె పేరు తీసేసి, చల్లగాలికి వచ్చినాయన పేరు పెట్టారా?" అన్నాడు వాడు. ఏళ్ళ తరబడి పిల్లల ప్రశ్నలు విన్నవాణ్ణి, దీనికి మాత్రం తడుముకున్నాను.

బయలుదేరేటప్పుడు అభిప్రాయాల పుస్తకంలో, "ఏనుగు మల్లమ్మ కొండ చాలా బాగున్నది" అని రాశాడు. గుమాస్తా చదివి, "మా అవ్వ ఇప్పటికీ అట్లనే అంటుంది, బాబూ" అన్నాడు.