దారానికి కట్టిన సీసపు గుండు

వాడరేవు ఒడ్డున వల బాగుచేసుకుంటున్న తాతనడిగి ఒక సీసపు గుండు తెచ్చుకున్నాం. "ఏం చేపకు?" అన్నాడాయన. "చేపకు కాదు తాతా, చుక్కకు" అంది మా అన్న కూతురు.

దాని జామెట్రీ బాక్సులోని కోణమాని, కొబ్బరిబోండాల బండి దగ్గరి స్ట్రా, మూరెడు దారం, ఆ గుండు: మా పరికరం ఇంతే. కోణమాని తిన్నటి అంచుకు స్ట్రా అంటించి, ఆ అంచు పైకి వచ్చేలా పట్టుకుని, నడిమి రంధ్రంలోంచి గుండు వేలాడదీశాం. స్ట్రాలోంచి నీటి అంచును చూస్తే దారం 90 మీద ఉంటుంది. చూపు పైకి లేచినకొద్దీ పక్కకు జరుగుతుంది. ఎంత జరిగితే అంత కోణం. నిజానికి జరిగేది మన చెయ్యే; దారం, తాపీమేస్త్రి గుండులాగే, ఎప్పుడూ నేలవైపే చూస్తుంటుంది. ఈ మాట అర్థమైనప్పుడు ఆ పిల్ల ముఖం చూడాలి!

ముందు సరుగుడు చెట్టు కొలిచాం. చివరికొమ్మ స్ట్రాలో కనబడుతుండగా దారం 45 చూపేదాకా వెనక్కి నడవాలి. అక్కడినుంచి మొదలుదాకా ఎంత దూరమో, కంటికి పైన చెట్టు అంత ఎత్తు. పన్నెండు మీటర్లొచ్చింది. నేలనుంచి పిల్ల కంటిదాకా 1.2 కలిపితే 13.2. అంతకుముందు ఇసుక వాలులో నిలబడి తప్పు లెక్క తెచ్చాం. చెట్టు మొదలూ మన పాదాలూ ఒకే మట్టంలో ఉండాలి.

సంక్రాంతి సెలవులు. తెల్లవారుజామున మళ్లీ ఒడ్డుకొచ్చాం. సప్తర్షుల్లో పులహుడి నుంచి క్రతువు మీదుగా గీత గీసుకుంటూ కిందికొస్తే, సరుగుడు తోపుల మీద, మంచులో మసకగా ధ్రువుడు. గాలికి గుండు ఊగుతోంది. ఒడ్డుకు లాగిన పడవ చాటున కూర్చుని, దారం నిలవగానే వేలితో నొక్కిపట్టి, సెల్లు వెలుగులో చదివాం. పదిసార్లు చూస్తే 15కీ 17కీ మధ్య తిరిగి, సగటున 16 తేలింది. ధ్రువుడి ఎత్తే దాదాపుగా మనమున్న చోటి అక్షాంశం. వాడరేవుది సుమారు 15.8. డిగ్రీకి 111 కిలోమీటర్లు గనక ఇరవై చిల్లర కిలోమీటర్లు తప్పామన్నమాట. కొబ్బరిబోండాం స్ట్రాతో!

అరబ్బు నావికులు ఇదే పని చిన్న చెక్కపలకతో, ముడులేసిన తాడుతో చేసేవారు. తాడు కొస పళ్లతో పట్టి, పలక కింది అంచు నీటికీ పై అంచు చుక్కకూ ఆనించి, ఏ ముడి దగ్గర కుదిరిందో చూసేవారు. దాని పేరు కమాల్. ఇక్కడికి దక్షిణాన ఉన్న మోటుపల్లి రేవులో, 1244లో కాకతీయ గణపతిదేవుడు అలా సముద్రం దాటి వచ్చే విదేశీ వర్తకులకు అభయశాసనం వేయించాడు. ఆ రేవు గురించి రాసిన మార్కోపోలో, కన్యాకుమారి దగ్గర ధ్రువుడు నీటిపైన మూరెడు ఎత్తున కనిపిస్తాడని కూడా రాశాడు. చుక్కను మూరల్లో కొలిచిన కాలమది.

వేటకు బయల్దేరుతున్న తాత మా దగ్గర ఆగి, స్ట్రాలోంచి చాలాసేపు చూశాడు.

"విశాపట్నంలో ఎంతుంటది పాపా?"

"పదిహేడున్నర పైన."

"మద్రాసులో?"

"పదమూడు తాతా."

ఆయన పరికరం కాస్త దించి, దారం 90 నుంచి పదమూడే జరిగేలా నిలిపి, ఆ వంపులోనే ఉత్తరానికి చూశాడు.