ఫార్మలిన్‌లో వేసేముందు

చేపను ఫార్మలిన్‌లో ముంచాక దాని డీఎన్‌ఏ మీద ఆశ దాదాపు వదులుకోవాల్సిందే. చేపను సీసాలో వందేళ్లు చెడకుండా కాపాడే ఆ మందే లోపలి జన్యుపదార్థాన్ని తునకలు చేసేస్తుంది. అందుకే 2012లో పోర్ట్ బ్లెయిర్‌లో పరిశోధక విద్యార్థినిగా చేరగానే మాకు నేర్పింది ఒక వరస: ముందు ఫొటో, తర్వాత కండ ముక్క, ఆ తర్వాతే ఫార్మలిన్. పగడపు దిబ్బల చేపలకు ప్రాణం పోయిన కాసేపటికే రంగు మారిపోతుంది, కాబట్టి ఫొటోకి ఆలస్యం పనికిరాదు. కండ ఎప్పుడూ కుడివైపు నుంచే కోయాలి. ఎడమవైపు కొలతలకు చెక్కుచెదరకుండా ఉండాలి. గోరంత ముక్కను ఇథనాల్ ఉన్న గొట్టంలో వేసి, పెన్సిల్‌తో నంబరు రాసిన కాగితాన్ని లోపలే పెట్టేవాళ్లం. పెన్నుతో రాస్తే సిరా కరిగిపోతుంది. నంబరు పోయిందంటే ఆ ముక్క ఏ చేపదో ఇక దేవుడికే తెలియాలి.

ఆ కండ ముక్క డీఎన్‌ఏ బార్‌కోడింగ్ కోసం. కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయంలో పాల్ హెబర్ట్ బృందం 2003లో ప్రతిపాదించిన పద్ధతి ఇది. జంతుకణాల మైటోకాండ్రియాలో సీఓఐ అనే జన్యువు ఉంటుంది. అందులో దాదాపు 650 అక్షరాల ముక్కను చదివితే చాలు, చాలా జాతులను ఒకదాన్నుంచి ఒకటి వేరుచేసి గుర్తుపట్టవచ్చు. అండమాన్ నికోబార్ దీవులకు ఇది ఎంత అవసరమో అక్కడున్నవాళ్లకే తెలుస్తుంది. ఫ్రాన్సిస్ డే 1870 ప్రాంతంలో అండమాన్ చేపల మీద రాసినప్పటి నుంచి జాబితా పెరుగుతూ పెరుగుతూ పద్నాలుగు వందల జాతుల దాకా వచ్చింది. వాటిలో ఎన్ని పేర్లు ఒకే చేపకు రెండుసార్లు పడ్డాయో, ఎన్ని చేపలు ఒకే పేరు కింద దాక్కున్నాయో తేల్చడమే మా పని.

నమూనాల కోసం తెల్లారకముందే పోర్ట్ బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్ రేవుకు వెళ్లేదాన్ని. అక్కడ తెలుగు మాట వినపడని రోజు లేదు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చి స్థిరపడిన మత్స్యకారుల కుటుంబాలు చాలా ఉన్నాయి. నాది విశాఖ అని తెలిశాక ఒక ముసలాయన నాకోసం వింత చేపలు పక్కన పెట్టడం మొదలుపెట్టాడు. ఒకరోజు రెండు చిలకచేపలు చూపించాడు. ఒకటి ఇటుక రంగులో మాసిపోయినట్టుంది. రెండోది నిగనిగలాడే ఆకుపచ్చ, మూతి చుట్టూ నీలి గీతలు. నేను రెండు గొట్టాలు తీసి, రెండు జాతుల కింద రాయబోతుంటే ఆయన అడ్డుపడ్డాడు.

"రెండు జాతులేటి తల్లీ? ఆలుమగలవి. ఒక పచ్చదాని యెనకాల ఎర్రవి నాలుగైదు తిరుగుతాయి. నీట్లో దిగి సూసినోడికి తెల్దా?"

"ఎప్పట్నించి చూస్తున్నావు తాతా?"

"నాకు మీసాలు రాకముందు నించీ."

శాస్త్రజ్ఞులు ఈ సంగతి తేల్చడానికి చాలాకాలం పట్టింది. చిలకచేపల్లో ఆడవి పెద్దయ్యాక మగవిగా మారతాయి, రంగు కూడా మారుతుంది. ఆ సంగతి తెలియక రంగుకొక పేరు పెట్టుకుంటూ పోయి మూడు వందలకు పైగా పేర్లు పోగేశారు. నిజమైన జాతులు వందకు అటూ ఇటూ.

ల్యాబ్‌లో ఆ రెండు ముక్కలనూ ఎంజైమ్‌లో వేసి 56 డిగ్రీల వేడిలో రాత్రంతా ఉంచాం. పొద్దుటికి కండ కరిగి ద్రవం తేటపడింది. పీసీఆర్ యంత్రంలో సీఓఐ ముక్కకు లక్షల నకళ్లు తీశాం. జెల్‌లో రెండు గీతలూ ఒకే ఎత్తులో వెలిగాయి. అయితే అక్షరాలు చదివితే తప్ప దాన్నిబట్టి ఏమీ చెప్పలేం. కొన్ని వారాలకు ఫలితం వచ్చింది. తెర మీద నాలుగు రంగుల శిఖరాలు, ఒక్కో శిఖరం ఒక్కో అక్షరం. రెండు వరసలూ పక్కపక్కన పెట్టి మొదటి నుంచి చివరిదాకా చూశాను. ఒక్క అక్షరం తేడా లేదు. రేవుకు వెళ్లి చెబితే ఆయన వల చిక్కు తీస్తూనే, "మరి నేనేటి సెప్పాను?" అన్నాడు.

అన్నీ ఇంత సాఫీగా తేలలేదు. ఒక చేప వరసను అంతర్జాతీయ డేటాబేస్‌లో వెతికితే నూటికి నూరు శాతం సరిపోయింది, అదీ రెండు వేర్వేరు పేర్లతో! ఎవరో ఎక్కడో చేపను తప్పుగా గుర్తించి వరసను ఎక్కించారు. ఆ నమూనా దాచి ఉంచలేదు, ఫొటో లేదు. యంత్రం ఇచ్చేది అక్షరాలే, పేరు పెట్టాల్సింది చేపను చేతిలో పట్టుకుని పొలుసులు, రెక్కల ముళ్లు లెక్కపెట్టిన మనిషి. మా సారు భూతద్దం పెట్టుకుని ఒక్క చేప దగ్గర పూట గడిపేవారు. అలాంటివాళ్లు ఒక్కొక్కరే పదవీ విరమణ చేస్తుంటే ఆ కుర్చీలు ఖాళీగా ఉంటున్నాయి. కొత్త యంత్రాలకు మాత్రం డబ్బుకు కొదవలేదు. ఇది చూస్తే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

బార్‌కోడ్ విలువ నాకు పూర్తిగా తెలిసొచ్చింది మాత్రం ఒక గోనెసంచి దగ్గర. దొంగతనంగా తరలిస్తుంటే పట్టుబడిన సముద్ర దోసకాయలు అందులో ఉన్నాయి. 2001 నుంచి వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్న జీవులవి. ఉడకబెట్టి, ఎండబెట్టి, పొగ పట్టించిన ఆ నల్లటి ముద్దల్లో ఏది ఏ జాతో కంటితో పోల్చడం మాలో ఎవరి తరమూ కాలేదు. ఉడికిన కండలో 650 అక్షరాలూ ఒకే ముక్కగా దొరకవు కాబట్టి చిన్న చిన్న ముక్కలు చదివాం. జాతుల పేర్లు బయటికి వచ్చాయి. ఇథనాల్ గొట్టాల్లో మేము ఏళ్ల తరబడి దాచినవి అక్కరకొచ్చాయి. పోల్చి చూడటానికి సరైన పేరున్న నమూనా ముందే ఉండబట్టే ఆ నల్ల ముద్ద ఏమిటో తేలింది.

నా దగ్గర ఇంకా తేలనిది ఒకటుంది. దక్షిణ అండమాన్‌లో దొరికిన ఒక చిన్న ఎర్రచేప, గ్రేట్ నికోబార్‌లోని క్యాంప్‌బెల్ బే దగ్గర దొరికిన ఇంకో ఎర్రచేప. పక్కపక్కన పెడితే కవలలే. బార్‌కోడ్‌లో మాత్రం తొమ్మిది శాతం తేడా. ఒకే జాతిలో ఆ తేడా మామూలుగా రెండు శాతం దాటదు. నికోబార్ చేపకు మొప్పల ముళ్లు రెండు ఎక్కువున్నాయని తర్వాత గమనించాం. కొత్త జాతి అనడానికి ముందు, పందొమ్మిదో శతాబ్దంలో పీటర్ బ్లీకర్ ఇండోనేషియాలో సేకరించిన చేపలతో పోల్చి చూడాలి. అవి నెదర్లాండ్స్‌లోని లైడెన్ మ్యూజియంలో ఉన్నాయి. దానికన్నా ముందు నికోబార్ చేపలు ఇంకొన్ని కావాలి. నా దగ్గర రెండే ఉన్నాయి.

పోర్ట్ బ్లెయిర్ పేరు 2024లో శ్రీ విజయపురంగా మారింది. గ్రేట్ నికోబార్‌లో మారబోయేది పేరు కాదు, నేల. గలథియా బేలో రేవు, దాంతోపాటు పట్టణం, విమానాశ్రయం కట్టే ప్రాజెక్టుకు 2022 నవంబరులో పర్యావరణ అనుమతి ఇచ్చారు. సుమారు 130 చదరపు కిలోమీటర్ల అడవి పోతుంది. తోలు తాబేళ్లు గుడ్లు పెట్టే తీరం అది. అక్కడి దిబ్బల మీద ఏమేం ఉన్నాయో పూర్తిగా రాసుకోకుండానే తవ్వడానికి సిద్ధపడ్డాం. ఆ తీరంలో నమూనాలు తీయడానికి అనుమతి కోరుతూ దరఖాస్తు పెట్టాను. ఎర్రచేపలు పది కావాలని రాశాను, ఐదు దొరికినా చాలు.