వదిన థీసిస్‌లో లేని పేజీ

భవానీపురంలో మా వదిన ఇంటికెళితే డైనింగ్ టేబుల్ మీద కంచం పెట్టుకునే చోటుండదు. నలభై దాటాక ఎడ్యుకేషన్‌లో పీహెచ్‌డీ చేస్తోంది మరి! గిజుభాయి 'పగటి కల' నుంచి 2020 జాతీయ విద్యావిధానం దాకా అన్నీ ఆ టేబుల్ మీదే కాపురం.

మొన్న ఆదివారం విద్యాహక్కు చట్టం గురించి చెప్పుకొచ్చింది. 2009 నాటి ఆ చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం బడిలో పిల్లల్ని కొట్టకూడదు, మనసు నొప్పించకూడదు. 29వ సెక్షన్ ప్రకారం చదువు వాళ్లలో భయాన్ని పోగొట్టాలి, వీలైనంతవరకు అమ్మభాషలో సాగాలి. జర్నలిజం డిప్లొమా నేర్పిన అలవాటు కదా, గబగబా నోట్ చేసుకున్నాను.

అంతలో మేనల్లుడు లెక్కల పుస్తకం పట్టుకొచ్చాడు. ఏడో ఎక్కం రెండుసార్లు తప్పాడు. మూడోసారి వదిన చెయ్యి లేచింది. వాడు కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

దెబ్బ పడలేదు. కానీ అలా కళ్లు మూసుకోవడం వాడు బడిలో నేర్చుకున్నది కాదని ముగ్గురికీ తెలుసు.

సాయంత్రం పున్నమి ఘాట్‌కి వెళ్లాం. చాలాసేపటికి వదిన నోరు విప్పింది. "రేపు వాడికి స్లిప్ టెస్టు. భయం వాడిది కాదే, నాది. దాన్ని పోగొట్టే సెక్షన్ ఏ చట్టంలోనూ కనబడలేదు."

ఏమనాలో తోచలేదు. మేనల్లుడు మాత్రం ఒక్కో మెట్టుకూ ఏడు కలుపుతూ పైకి ఎక్కుతున్నాడు. ఏడెనిమిదుల దగ్గర మళ్లీ తప్పాడు. బెదురుగా అమ్మ వైపు చూశాడు.

వదిన లేచి, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని కింది మెట్టు దగ్గరికి వెళ్లింది.

"రారా, మళ్లీ మొదట్నుంచి ఎక్కుదాం."