మూలమట్టం

మా నాయనకు స్కేలు తెల్దు. మూర, జాన, బెత్తె, వేలు, అవే ఆయన కొలతలు. బద్వేలు చుట్టుపక్కల పల్లెల్లో కపిలి తోలే కాలంలో ఆయన బానలకు తోలు తొండాలు కుట్టేటోడు. కాపోల్ల బాయి గట్టు మీద గొంతుక్కూచోని తోలును ఒక్కసారి అట్లా చూసేది, ఆరెతో కోసేది. ఒక పక్క పొడుగు, ఒక పక్క పొట్టి పడితే తొండం మెలి తిరుగుతాది, నీళ్లు గట్టు చేరకముందే కారిపోతాయి. మా నాయన కుట్టింది ఎప్పుడూ మెలి తిరగలేదు. బాయిలో నీళ్లన్నీ మా నాయన కుట్టిన తోలులోనుంచే పైకొచ్చేవి. ఆ నీళ్లే మా అమ్మ కడవలోకి మాత్రం ఎవరన్నా దయతలచి పైనుంచి పోస్తేనే పడాల. ఏడాదికొకసారి కళ్లంలో మేర గింజలు. తోలు కొలిచేది మా నాయన, గింజలు కొలిచేది కాపు.

కరెంటు మోటార్లొచ్చి కపిలిని తీసుకపోయినాయి. దాంతోపాటే మేరా పోయింది. అదే కరెంటు తర్వాత నా చేతికి వెల్డింగు హోల్డరు ఇచ్చింది.

నేను 1990లో పదో తరగతి లెక్కల్లో తప్పినాను. కర్ణం మీది వర్గం అని అయ్యవారు బోర్డు మీద రాస్తాంటే నాకు ఊరి కరణమే గుర్తుకొచ్చేటోడు. కరణాల ఉద్యోగాలు 1984లోనే తీసేసినారు, కానీ మా నాయన నోట్లోనుంచి ఆ మాట పోలేదు. దానికి కారణముండాది. మాకు ఎకరన్నర డి.కె.టి. పట్టా వచ్చినప్పుడు గొలుసు తెచ్చి కొలిచినోళ్లు మూలరాయి యాడ పాతితే అదే మూల. కాగితంలో ఎకరన్నర, కాలి కింద ఎకరా చిల్లర. మిగతాది పక్క చేనులోకి పోయింది. గొలుసుకు రెండు కొసలుంటాయి గదా, రెండో కొస మా నాయన చేతికి ఇయ్యలేదు.

1991లో బద్వేల్లో ఒక సాయిబు వెల్డింగు షాపులో చేరినాను. ఆయన్ని భాయ్ అనేటోల్లం. తాగే చెంబు అందరికీ ఒక్కటే ఆ షాపులో. ఇది చిన్న సంగతి అనుకునేటోళ్లు మాదిగపల్లెలో పుట్టి చూడండి. ఆ ఆగస్టులో చుండూరు సంగతి పేపర్లో వస్తే భాయ్ మిషను ఆపి, "నువ్వే చదువు అబ్బీ" అని నాకిచ్చినాడు. చదివినాను. చదివినంకా ఎవురూ ఏమీ మాట్లాడలేదు. సాయంత్రం దాకా రాడ్డు చిటపటలే.

మొదటి మూడు నెలలు నాకు రాడ్డు ఇయ్యలేదు. పైపు పట్టుకోవడం, తుప్పు గీకడం, ఆక్సా బ్లేడుతో కోయడం. నల్లద్దం లేకుండా మంటను చూసినందుకు రాత్రంతా కండ్లల్లో ఇసుక పోసినట్లుండేది. మా అమ్మ పక్కింటి బాలింతను బతిమాలి చనుబాలు వేయించింది. దాంతో ఏమీ తగ్గదని తర్వాత తెలిసింది. అద్దం పెట్టుకోవడమే మందు.

పని తెలిసినంకా అర్థమయ్యింది, వెల్డింగులో అతికించడం సులువు. ఎవురైనా అతికిస్తారు. కష్టమంతా అతికించేదానికి ముందుంటాది. రెండు పైపులు మూల కలవాలంటే ఒక్కోదాన్ని నలభైఐదు డిగ్రీలకు కోయాల. కోతలో ఒక్కోదానికి ఒక డిగ్రీ తప్పితే, కలిసేకాడికి తప్పు రెండు డిగ్రీలవుతాది. నాలుగడుగుల పైపు ఆ కొసకు పోయేసరికి ఇంచిన్నర పైనే పక్కకు పోయుంటాది. మూల దగ్గర చూస్తే కంటికి ఆనదు. దూరం పోతేగానీ అన్యాయం కనపడదు.

దానికి మూలమట్టం పెట్టి చూస్తారు. అదీ చాలదు, మూలమట్టమే ఎన్నోసార్లు కిందపడి ఉంటాది. దాన్ని నమ్మొద్దని భాయ్ చెప్పేటోడు. చెక్క అంచుకు ఆనించి ఒక గీత గీసి, తిరగేసి మళ్లీ గీయమనేటోడు. రెండు గీతలూ ఒకటైతేనే అది మంచిది. పెద్ద ఫ్రేముకైతే మూడడుగులు ఒకపక్క, నాలుగడుగులు ఒకపక్క గుర్తుపెట్టి, అడ్డం ఐదు వస్తాదా లేదా చూడమనేటోడు. నాలుగు మూలలూ చిన్న చిన్న ట్యాకులేసినంకా, ఈ మూల నుంచి ఆ మూలకు, ఆ మూల నుంచి ఈ మూలకు టేపు లాగాల. నాలుగు ఆరు గేటుకు రెండు పక్కలా ఏడడుగుల రెండున్నర ఇంచీలు రావాల. ఎదురెదురు పైపులు సమానంగా ఉండి, అడ్డకొలతలూ సమానమైతేనే ఫ్రేము సరైనట్టు. "ఇవేంది భాయ్?" అంటే, "కర్ణాలు రా" అన్నాడు. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. నన్ను తప్పించిన లెక్క నా చేతిలో టేపై ఉండాది.

ఇనుము ఇంకొక మోసం చేస్తాది. కాలినప్పుడు సాగి, ఆరేటప్పుడు ముడుచుకుంటాది. ఏ పక్క కాలిస్తే ఆ పక్కకు గుంజుకుంటాది. లోపలి పక్క ఒక్కసారే గీత దించితే తొంభై కాస్తా ఎనభైఎనిమిదయి కూచుంటాది. అందుకే ఒక మూల కొంచెం, దానికెదురు మూల కొంచెం, ఆరనిచ్చి మళ్లీ. తొందరపడినోని గేటు ఎప్పుడూ వంకరే. ఇప్పుడు అయస్కాంతం మూలమట్టాలు, కోత మిషన్లు వచ్చినాయి. అయినా గుంజుడు గుంజుడే.

ఇక ఆ గేటు సంగతి. 1998లో నేను సొంతంగా షెడ్డు పెట్టుకున్న కొత్త. ఒక పల్లెలో రెడ్డి ఇల్లు కట్టినాడు, గేటు చెప్పినాడు. కొలతకు పోతే ముసలమ్మ రోడ్డు మీదనే ఆపింది. "ఆడ్నే నిలబడు. పిల్లర్లకు పసుపు రాసినాము. మావోడు కొలిచిస్తాడు." టేపు విసిరినాను. వాళ్ల జీతగాడు కింద ఒక్కచోట కొలిచి నాలుగడుగులు అన్నాడు. పైన కూడా కొలవమన్నాను. "పైనేం, కిందేం, పిల్లర్లు రెండే గదా" అన్నాడు పెద్దాయన.

గేటు చేసుకోని పోయినాను. బిగించేటప్పుడు పిల్లర్లు తాకొచ్చంట, రేపు పుణ్యావచనం ఉండాదంట. పనికైతే తాకొచ్చు, కొలతకైతే తాకగూడదు! గేటు పై మూల పోయి పిల్లరుకు కొట్టుకునింది. తూకం గుండు కట్టి వదిలినాను. పిల్లరు పైకి పోయేకొద్దీ ఇంచి లోపలికి వంగి ఉండాది. మేస్త్రి తప్పు, అందరికీ కనపడతాంది. దారం అబద్ధం చెప్పదు గదా. పెద్దాయన దారాన్ని చూడలేదు. నా కులం పేరు పెట్టి ఒక మాట అని, "నా పిల్లరు ఒంకరంటావా? గేటే కోసి సరిచెయ్. ల్యాకపోతే దుడ్లు లేవు" అన్నాడు.

పైపులు అప్పు తెచ్చినవి. మా నాయన ఆసుపత్రిలో ఉన్నాడు. ఆ రాత్రి సరైన గేటును కోసి, పైన ఇంచిన్నర తగ్గించి, వంకర పిల్లరుకు వంకర గేటు చేసినాను. సరిగ్గా సరిపోయింది. వాళ్లు మెచ్చుకున్నారు. చెప్పినదాంట్లో సగమిచ్చి, మిగతాది పంటకన్నారు. ఆ పంట ఇంతవరకూ రాలేదు. తెలిసి తెలిసి నేను వంకరగా చేసింది అదొక్కటే. ఆ దారిన పోతే ఇప్పటికీ బస్సులోనుంచి అటుపక్క చూడను.

మా పక్కనే పోరుమామిళ్ల చెరువుండాది. 1369 నాటి శాసనం ఉండాది దానికి. కట్ట ఐదువేల రేఖాదండాల పొడుగు, ఎనిమిది వెడల్పు, ఏడు ఎత్తు అని రాయి మీద చెక్కించినారు. రోజుకు వెయ్యిమంది కూలోళ్లు, నూరు బండ్లు, రెండేండ్ల పని అని కూడా ఉండాది. చెరువు తవ్వించిన రాజుకొడుకు పేరుండాది. వెయ్యిమంది మాత్రం వెయ్యిగానే మిగిలిపోయినారు. కట్ట మీద నిలబడినప్పుడల్లా ఆ దండం ఎవురి చేతిలో ఉండెనో అనుకుంటా.

పోయినేడు మా పల్లె పిల్లోళ్లు వచ్చినారు. ఏప్రిల్ 14కు అంబేద్కర్ విగ్రహం పెడతాండాము, చుట్టూ గ్రిల్లు కావాల, పైన కప్పు కావాల అన్నారు. కప్పు చేస్తాను, గ్రిల్లు చెయ్యనన్నాను. ఆయప్పను బోనులో పెట్టేదానికి నేను రాడ్డు పట్టనన్నాను. ఒక ముసలాయన నిదానంగా అన్నాడు: "నీకేం అబ్బీ, నువ్వు బద్వేల్లో ఉండావ్. రాత్రిపూట కాపలా పండేది మేము." 2009 నుంచి బద్వేలు ఎస్సీల సీటు. అసెంబ్లీలో కూచునేది మావోళ్లే. రాయి విసిరేటోనికి ఆ సంగతితో పనిలేదు. ముసలాయనకు నాదగ్గర జవాబు లేకపోయింది.

గ్రిల్లు చేసినాను. ఒక పక్క తలుపు పెట్టినాను, లోపలికి పోయి దండేసేదానికి. పదమూడో తేదీ రాత్రి లైట్లు కట్టి నాలుగు స్తంభాలు నిలబెట్టినాము. తూకం గుండు వేసినాము. టేపు రెండో కొస ఎనిమిదో తరగతి చదివే పిల్ల పట్టుకునింది. పిల్లోళ్లు తొందరపెడతాండారు, తెల్లారితే జనమొస్తారని.

"ఎంత పాపా?"

"ఈ కర్ణం కంటే ఆ కర్ణం పావించి ఎక్కువుండాది మామా."

"పావించిని ఎవురు చూస్తారన్నా, కానియ్" అన్నారెవరో.

సుత్తె తెమ్మని చెప్పి, ఆ మూల ట్యాకు పగలగొట్టినాను.