ఆవిరి కంటికిఁ గనఁబడునా?

ఘనము, ద్రవము, వాయువు అను మూఁడు మాటలను మా చిన్నవాఁడు బడినుండి నేర్చికొని వచ్చి, మంచుగడ్డ ఘనము, నీరు ద్రవము, ఆవిరి వాయువు అని తడఁబడక ఒప్పగించెను. వానికి ఏడు సంవత్సరములు. బిడ్డ పాఠ మొప్పగింపఁగా ఏ తల్లి సంతోషింపదు? మేమును సంతోషించి, అంతటితో నూరకుండక, పొయ్యిమీఁదఁ గాఁగుచున్న కెటిలును జూపి, "అదిగో, కొమ్మునుండి తెల్లగా లేచుచున్నదే, అదియే ఆవిరి, అదియే వాయువు" అని చెప్పితిమి. ఆ మాట తప్పని రెండు దినముల తరువాతఁ దెలిసినది. తెలిపినది వాని వ్రేలిమీఁది బొబ్బ.

చెల్లెలికి ఆవిరిని జూపవలెనని వాఁడు కెటిలుకొమ్ము చివరనే వ్రేలు పెట్టినాఁడు. కేక విని పరుగెత్తి వచ్చి చేయి కుళాయి క్రింద నుంచితిమి. (సోదరీమణులారా, కాలినచోట సిరాయు నేయియుఁ బూయకుఁడు, 20 నిమిషములు చల్లని నీటిధార క్రింద నుంచుటయే మేలు.) ఏడ్పు తగ్గినపిదప, "ఏల పెట్టితివి నాయనా?" అని యడుగఁగా, "కొమ్ముదగ్గఱ తెల్లగా లేదు గదమ్మా, అక్కడ ఆవిరి లేదనుకొంటిని" అనెను. వాఁడు మా మాటనే నమ్మినాఁడు. మాకు నోట మాట రాలేదు.

సాయంకాలము మావారు బడినుండి వచ్చి యంతయు విని, కోపగింపక, "నీవు చూపినది వాయువు కాదు, ద్రవము" అనిరి. నిజమైన ఆవిరి గాలివలెనే కంటికిఁ గానరాదఁట. కొమ్మునకును తెల్లనిదానికిని నడుమ ఖాళీగాఁ దోఁచు అంగుళమంత చోటనే యది యున్నది. మిక్కిలి వేఁడియైనదియు నక్కడనే. చల్లగాలి తగిలి సన్నని నీటితుంపరలైనపుడు మాత్రమే తెల్లగాఁ గనఁబడును. ఆ తుంపరలు మరల నాఱి గాలిలోఁ గలిసి మాయమగును. మేఘములును అట్టి తుంపరలే.

ఇదంతయు విని, ప్రక్కన ఒత్తులు చేసికొనుచున్న మా అత్తగారు, "మా కాలమున స్టేషనులో బొగ్గు ఇంజను కూఁత వేసినప్పుడు గొట్టము మొదట నేమియుఁ గనఁబడెడిది కాదు, జానెడు పైన తెల్లఁబడెడిది" అనిరి. ఆమె యే బడికిని బోలేదు. డోర్నకల్ జంక్షనులో ఇప్పుడు విద్యుత్తు ఇంజనులే. కొత్తగూడెము మార్గమున సింగరేణి బొగ్గు నేఁటికిని వచ్చుచున్నది గాని, ఆ బొగ్గుతో నీరు కాఁచి బండి లాగు యంత్రమును మా పిల్లలు చూచి యెఱుఁగరు. నీరు ఆవిరియైనచో 1600 రెట్లకుఁ బైగా వ్యాపించునని మావారు చెప్పఁగా, "ఆ తోపుడుకే బండి కదలెడిదా!" అని మా చిన్నవాఁడు కట్టు కట్టిన వ్రేలిని మఱచి యెగిరెను.

మాకు మఱియొక లజ్జ కలిగినది. చిన్ననాఁడు మా తండ్రిగారియొద్ద అన్నంభట్టు తర్కసంగ్రహము చదివితిమి. నీటికి ద్రవత్వము సహజమనియు, నేయి మొదలైనవానికి అగ్నిసంయోగమువలన వచ్చునదనియు అందుఁ గలదు. మఱి వడగండ్ల మాటయేమి? అదృష్టవశమున ద్రవత్వ మడ్డగింపఁబడినదనియు, ఆ కాఠిన్యము భ్రాంతియనియు విశ్వనాథుఁడు ముక్తావళిలో సమాధానము చెప్పినాఁడు. ఆ భ్రాంతి నెత్తిమీఁదఁ బడినచో బొప్పి కట్టునని నాఁడే మా తండ్రిగారు నవ్విరి. నీటికిని నేతికిని న్యాయమొక్కటే. వేఁడిమి కొలఁది భేదము. నీరు 0 డిగ్రీలయొద్ద గడ్డకట్టును, కొబ్బరినూనె 24 డిగ్రీల ప్రాంతముననే పేరుకొనును. పుష్యమాసపు ఉదయమున నూనెసీసాను పిల్లలచేతి కిచ్చి యెండలో నుంచుమనుఁడు. వేఱు పాఠ మక్కఱలేదు. వడగండ్లవద్ద చిక్కున్నదని గుర్తించిన పెద్దలయందు మాకు గౌరవము తగ్గలేదు.

పిల్లల ప్రశ్నలు మాత్రము తర్కమును మించినవి. "పిండి డబ్బా యాకారమునే పొందును గదా, అది ద్రవమా?" అని చిన్నది యడిగెను. పళ్లెములోఁ బోసి చూపితిమి: పిండి కుప్పగా నిలిచినది, నీరు సమముగాఁ బఱచుకొన్నది. పిండిలో నొక్కొక్క రేణువును ఘనమే. గ్యాసు సిలిండరులో 14.2 కిలోల ఇంధన ముండునది వాయురూపమునఁ గాదు, ఒత్తిడిచే ద్రవమై యుండును. మరవిప్పఁగా వాయువై వచ్చును. గాలికిఁ జోటు కావలెననుటకు, గ్లాసు అడుగునఁ గాగితము దూర్చి, బోరగించి, నిట్టనిలువుగా నీటిలో ముంచితిమి. కాగితము తడియలేదు. ఆ యొక్క వినోదమును సాయంకాలము వఱకు మానలేదు, ఇల్లంతయు నీరు.

వ్రేలు మానినపిదప కెటిలును మరల నెక్కించితిమి. ఈసారి పిల్లలను గడపయవతల నిలిపి, పట్టకారుతో చల్లని స్టీలు పళ్లెమును కొమ్మునెదుటఁ బట్టితిమి. ఏమియు లేదని తోఁచినచోటనే పళ్లెము చెమర్చి బొట్లు రాలెను. చిన్నవాఁడు మాటాడక తన వ్రేలిని జూచుకొనెను.

ఇంతలోఁ జిన్నది పూజగదినుండి డబ్బా తెచ్చి, "అమ్మా, కర్పూరము వెలిగింపకయే తఱిగినది, నీరైన జాడ లేదు, ఎటు పోయినది?" అని యడిగెను. నోటఁ బెట్టుకొనరాదు, విషమని చెప్పి, బిళ్ల నొకదానిని వారికందని యెత్తున అలమరలోఁ బెట్టితిమి. దినమున కొకసారి యిద్దఱును ఎత్తించుకొని చూచుచున్నారు.