మేము వేసిన తెల్ల రంగు

పిల్లలకు మేలు చేస్తున్నామనుకొని తండ్రులమైన మనము ఒక్కొక్కసారి ఎంత నష్టం కలుగజేస్తామో మా ఇంట జరిగిన ఒక చిన్న సంగతి మాకు నేర్పింది. సిగ్గుపడుతూనే దానిని మీ ముందుంచుతున్నాము.

మా పెద్దవాడు తొమ్మిదవ తరగతి చదువుతున్నాడు. 'స్టార్ ట్రెక్' అనే అమెరికా ధారావాహికలో వచ్చే ఎంటర్‌ప్రైజ్ అనే అంతరిక్ష నౌక అంటే వాడికి ప్రాణం. అది 1966లో టెలివిజన్‌లో మొదలై 1969లో ఆగిపోయిన పాత కథ. అయినా ఆ ఓడ నమూనాను సొంత చేతులతో చేసుకొనే అభిమానులు ఎన్నో దేశాల్లో ఉన్నారట. మావాడూ పూనుకొన్నాడు. పళ్లెం వంటి ముందుభాగానికి అట్టలు, రెండు ఇంజనులకు కరెంటు వైరింగు పైపు ముక్కలు, అతుకులకు లప్పం. రెండు నెలలపాటు బడి నుండి రాగానే వరండాలో కూర్చుని గరుకు కాగితంతో రుద్దేవాడు. బూడిద రంగు వేశాడు. ఆరిన తరువాత పెన్సిలుతో సన్నని గీతలు గీశాడు. నీళ్లలాగా పలుచన చేసిన నల్లరంగు పూసి, గుడ్డతో తుడిచాడు. మా కంటికి అది మసిపట్టిన గిన్నెలాగా ఉంది.

ఒక శనివారం గేటుకు రంగు వేయగా కొంచెం తెల్ల ఎనామిల్ మిగిలింది. మరునాడు ఇంటికి బంధువులు వస్తారు, ముందు గదిలో ఆ బొమ్మ శుభ్రంగా ఉంటే బాగుంటుందని తలంచి, వాడు ట్యూషన్‌కు వెళ్లిన సమయంలో దానికి చక్కగా ఒక పూత వేశాము. తళతళ మెరిసింది. వాడు వచ్చి సంతోషిస్తాడని ఎదురు చూశాము.

వాడు వచ్చి, చూచి, సంచి క్రింద పెట్టడం మరచిపోయి నిలబడ్డాడు. "నాన్నగారూ, అది మురికి కాదండీ," అన్నాడు. అంతే. అన్నం తినకుండా పడుకొన్నాడు. తప్పు మాదేనని తెలిసినా ఒప్పుకోలేదు. "బొమ్మ కోసం అన్నం మానేస్తావా?" అని గద్దించాము కూడా. మూడు దినాలు వాడు మాతో అవసరానికి మించి మాటాడలేదు.

నాలుగవ దినం మా ఇల్లాలు, "వాడు రెండు నెలలు ఏం చేశాడో ఒక్కసారైనా అడిగారా అండీ?" అంది. ఆ మాట గుచ్చుకొంది. వాడి ప్రక్కన కూర్చుని అడిగాము. మొదట ముభావంగా, తరువాత ఉత్సాహంగా చెప్పుకొచ్చాడు.

అసలు నమూనా 1964లో అమెరికాలోని కాలిఫోర్నియాలో కొయ్య, ప్లాస్టిక్, లోహం కలిపి చేశారు. పొడవు 11 అడుగులు. దానిని రూపొందించిన మ్యాట్ జెఫ్రీస్ ఉద్దేశం ప్రకారం ఓడ పైభాగం నునుపుగా ఉండాలి. యంత్రాలన్నీ లోపలే ఉంటే మరమ్మతుకు ఎవరూ బయటికి పోనక్కర లేదు. 1977లో వచ్చిన 'స్టార్ వార్స్' సినిమావారు వేరే మార్గం పట్టి, అంగడిలో దొరికే ట్యాంకుల, విమానాల బొమ్మల ముక్కలను తమ ఓడల మీద అతికించారు. మెరిసే నున్నని వస్తువు బొమ్మలాగా కనబడుతుంది. సన్నని గీతలు, మరకలు ఉంటే ఎన్నో రేకులు కలిపి కట్టిన పెద్ద ఓడ అని కన్ను నమ్ముతుంది.

ఆ 11 అడుగుల నమూనాను 1974లో స్మిత్‌సోనియన్ సంస్థకు ఇచ్చారు. అక్కడ దానికి కొన్నిసార్లు మరమ్మతులు జరిగాయి. 1991లో రంగు వేసినప్పుడు గీతలు మరీ ముదురుగా పడ్డాయని అభిమానులు ఎంతో వాదించుకొన్నారు. 2014లో దానిని ప్రదర్శన నుండి తీసి పరీక్షించారు, ఎక్స్‌రేలు తీశారు, రంగు పొరలను ఒక్కొక్కటిగా చూశారు. పాత ఫోటోలుంటే పంపమని ప్రజలను అడిగారు. పళ్లెం పైభాగాన మాత్రం మొదటి రంగు చెరగకుండా మిగిలి ఉంది. దాని ఆధారంగా మిగతా భాగాలకు రంగు కుదిర్చి 2016లో మళ్లీ ప్రదర్శనకు పెట్టారు.

ఇది విన్న తరువాత మేము నోరు మెదపలేకపోయాము. అంత పెద్ద సంస్థ ఒక బొమ్మ మీది రంగును ముట్టుకొనే ముందు ఇంత విచారించింది. మేము మా కుమారుని పనిని ముట్టుకొనే ముందు ఒక్క మాట అడుగలేదు. "తప్పు చేశాను నాన్నా, క్షమించు," అన్నాము. ప్రతి ఆదివారం క్షమాపణను గూర్చి ఇతరులకు బోధించే నోటికి ఆ రెండు మాటలు ఎంత బరువయ్యాయో చెప్పలేము.

వాడు బొమ్మను తలక్రిందులు చేశాడు. బల్ల మీద ఉంచి రంగు వేశాము గనుక అడుగుభాగానికి ఎనామిల్ తగలలేదు. వాడి బూడిద రంగు, వాడి గీతలు అక్కడ అలాగే ఉన్నాయి! వాళ్లమ్మ ఫోనులో తీసిన ఫోటోలు రెండు దొరికాయి. సాయంకాలాలు ఇద్దరం కూర్చున్నాము. తెల్లపూతను సన్నని గరుకు కాగితంతో మెల్లగా రుద్ది, ప్రైమరు వేసి, అడుగుభాగంతో పోల్చుకొంటూ బూడిద రంగు కలిపాము. నాలుగుసార్లు కలిపితేగాని కుదరలేదు. పెన్సిలు ముల్లు పొడిని దూదితో అద్ది రుద్దితే ఇనుప రేకు మీది మాసిన ఛాయ వస్తుందని వాడే చూపించాడు.

గీతలు గీసే పని మాకూ కొంత ఇచ్చాడు. మా చేయి బరువుగా పడింది. "మెల్లగా, నాన్నగారూ. కనబడీ కనబడనట్టు ఉండాలి," అన్నాడు. చెరిపి, మళ్లీ గీశాము.

బొమ్మ పూర్వంవలె కాలేదు. వెలుతురులో చూస్తే ఒక మూల తెల్లపూత అంచు ఇంకా తెలుస్తుంది. మావాడు దాని ఊసెత్తడు. మాకు మాత్రం కన్ను ముందు అక్కడికే పోతుంది.

తల్లిదండ్రులారా, మీ బిడ్డ బల్ల మీద మసిగా కనబడేది ఏదైనా ఉంటే, గుడ్డ తీసుకొనే ముందు ఆ బిడ్డను పిలిచి, "ఇదేమిటి?" అని అడగండి.