రెన్ను పిట్టను వెదకబోయి

పిట్టలను చూడబోవుట పనిలేనివారి వేడుక యని మన యిండ్లలో ననుకొందురు. మొన్నటి శ్రావణము వరకు మేమును నట్లే యనుకొంటిమి. మా మేనకోడలు తన యింగ్లీషు పాఠములోని రెన్ను పిట్ట బొమ్మను చూపి, "అత్తయ్యా, ఇది మన యూళ్లలో నుండునా?" యని యడిగినది. బదులు చెప్పలేక పుస్తకములు తిరుగవేసితిమి. తుదకు దుర్భిణి నొకదానిని సంపాదించి, పిల్లను వెంటబెట్టుకొని బయలుదేరితిమి.

నిజమైన రెన్ను మన దేశమున హిమాలయ ప్రాంతములందే గాని దక్షిణమున లేదు. దానివలెనే చిన్నవై, తోక నిక్కించుచు పొదలలో దూరుచుండు మన పిట్టలకు ఆంగ్లేయులు రెన్‌వార్బ్లరు లని పేరు పెట్టిరి. నేటి శాస్త్రజ్ఞులు ప్రినియా లందురు. తెనుగున నివి లొట్టకన్నుజిట్టలు. నెల్లూరులో వైద్యుడుగా నుండిన జెర్డను అను నాంగ్లేయుడు ఈ తెనుగు పేళ్లను తన పక్షి గ్రంథమున భద్రపరచెను. వీనిలో నరుదుగా కంటబడు కొండ లొట్టకన్నుజిట్టను 1840లో శాస్త్రలోకమునకు తెలిపినవాడు నాతడే.

2016లో వేరు జిల్లాలైన జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి సీమలలో మూడు దినములు తిరిగితిమి. జనగామ చేల గట్లపై లేత గోధుమవన్నె జిట్ట కనబడినది. మానుకోట యని వాడుకలోనున్న మహబూబాబాదులో, మా బంధువుల పెరటియందే బూడిదవన్నె జిట్ట యుండెను. అది ఆకులను నారతో కుట్టి గూడు కట్టుకొనును. ఎగురునప్పుడు పటపటమని చప్పుడు చేయును. ఇన్నాళ్లు అంట్లు తోముకొనుచు ఆ చప్పుడు విన్న మా వదినగారు దానిని చూచుట ఆనాడే మొదలు!

మూడవనాటి యుదయమున భూపాలపల్లి సీమలోని గణపురము చేరితిమి. కాకతీయ గణపతిదేవుని కాలమునాటి కోటగుళ్లను సేవించుకొని, ఊరి వెలుపలి రాతిగుట్టకు నడచితిమి. రేగు, తంగేడు పొదలు తప్ప నచట నేమియు లేదు. ఇంతలో నొక పొద కొనను కూర్చుండి, ఒకే పలుకును మరల మరల బిగ్గరగా పలుకు పిట్ట యొకటి కనబడెను. తక్కిన జిట్టలకంటె నించుక పెద్దది, ముక్కు బలమైనది, ఎగిరినప్పుడు తోక యంచుల తెల్లదనము మెరసెను. మేము వెదకినది అదియే! పిల్ల మా చేయి గట్టిగా పట్టుకొని ఊపిరి బిగబట్టినది.

సమీపమున గడ్డి కోయుచున్న యొక ముసలమ్మ మమ్ము చూచి నవ్వి, "దాని గూడు గా ముండ్లపొదలనే ఉంటది బిడ్డా. దగ్గరికి పోకుండ్రి, బెదురుతది. గీ పొదలన్ని కొట్టేస్తె గదేడికి పోతది?" అన్నది. ఆమె కొడవలి ఆ పొద చుట్టును గడ్డిని తాకక విడిచినది.

సోదరీమణులారా! గడ్డిపోచలతో గుండ్రని గూడల్లి, ప్రక్కన వాకిలి పెట్టుకొను ఆ పిట్టకు, మనము పనికిరాని బంజరని చదును చేయించు నేలయే పుట్టినిల్లు. మన చేని మూలనో, పెరటి కంచెననో ఒక పొదను కొట్టక విడుచుట మనకు కష్టము కాదు.

ఇంటికి వచ్చిన పిమ్మట పిల్ల తన పుస్తకములో రెన్ను బొమ్మ క్రింద, "ఇది మా యూళ్లలో లేదు, మాకు కొండ లొట్టకన్నుజిట్ట కలదు" అని వ్రాసికొన్నది.